సంస్థ డిజిటల్ పత్రాలు, ఈమెయిళ్లు ఎంతకాలం ఉంచాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో నడిచే చిన్న, మధ్యతరహా ప్రైవేటు లిమిటెడ్ కంపెనీల అకౌంట్స్, హెచ్‌ఆర్, ఐటీ విభాగాల వారిని దృష్టిలో ఉంచుకుని ఈ సమాధానాలు రాశాం. ఇక్కడ చెప్పిన చట్టాలన్నీ భారతదేశానికి సంబంధించినవి. మీ వ్యాపారానికి ప్రత్యేకంగా వర్తించే నిబంధనలను మీ కంపెనీ సెక్రటరీతో గాని, చార్టర్డ్ అకౌంటెంటుతో గాని సరిచూసుకోవాలి.

నిల్వ గడువు విధానం అంటే ఏమిటి? మాకు రోజూ బ్యాకప్ అవుతోంది కదా, అది చాలదా?

సంస్థ తయారుచేసే లేదా అందుకునే ప్రతి రకం పత్రాన్ని ఎంతకాలం ఉంచాలి, ఆ కాలాన్ని ఏ తేదీ నుంచి లెక్కపెట్టాలి, గడువు తీరాక దాన్ని ఏం చేయాలి అనే మూడు సంగతులను ముందుగానే కాగితం మీద పెట్టుకోవడమే నిల్వ గడువు విధానం. బ్యాకప్ పని వేరు. సర్వరు చెడిపోతేనో, ఎవరైనా వైరస్‌తో ఫైళ్లకు తాళం వేస్తేనో నిన్నటి స్థితికి తిరిగి రావడానికి అది పనికొస్తుంది. చాలా సంస్థల్లో బ్యాకప్ ముప్పై రోజులకో తొంభై రోజులకో ఒక చుట్టు తిరిగి, పాత ప్రతి మీదే కొత్తది రాసుకుంటూ పోతుంది. ఐదేళ్ల కిందట సరఫరాదారు పంపిన మెయిలును మూడేళ్ల కిందట ఎవరో చెరిపేసి ఉంటే, నిన్న రాత్రి తీసిన బ్యాకప్‌లో అది దొరకదు.

ఇది కంప్యూటర్లతో వచ్చిన కొత్త పద్ధతా?

కాదు. మన తహసీల్దారు, కలెక్టరు కార్యాలయాలలో పాత మద్రాసు ప్రెసిడెన్సీ నాటి నుంచి వస్తున్న పద్ధతి ఒకటుంది. ఒక ఫైలు మీద చర్య ముగిసిన రోజున దాని నంబరుకు ముందు ఆర్.డిస్., డి.డిస్., ఎల్.డిస్. వంటి గుర్తు ఒకటి వేసేవారు. ఆర్.డిస్. అంటే ఎప్పటికీ ఉంచాల్సినది, డి.డిస్. అంటే పదేళ్లు ఉంచి తీసేయాల్సినది, ఎల్.డిస్. అంటే కొద్దికాలం చాలునన్నది. ఈ పద్ధతిలో నాకు ఎంతో విలువైనదిగా తోచే అంశం, నిర్ణయం జరిగే సమయం. రికార్డు రూము నిండిపోయి, ర్యాకుల్లో చోటు చాలక, ఏది పారేద్దామా అని ఆలోచించే రోజు దాకా ఆగకుండా, ఆ విషయం తెలిసిన గుమాస్తా ఫైలు మూసే నాడే దాని ఆయుష్షు రాసిపెట్టేవాడు. నేడు మన సర్వర్లలో లేనిది సరిగ్గా ఇదే. పని ముగిసిన ఫోల్డరుకు ఎవరూ ఏ గుర్తూ వేయరు. పదేళ్ల తర్వాత డిస్కు నిండినప్పుడు, ఆ పని గురించి ఏమీ తెలియని ఐటీ కుర్రాడి మీద ఆ నిర్ణయం పడుతుంది.

నిల్వకు ఇప్పుడు ఖర్చు తక్కువే కదా. అన్నీ ఎప్పటికీ ఉంచేస్తే గొడవ ఉండదు కదా?

ఈ ప్రశ్న మంచి ఉద్దేశంతోనే అడుగుతారు, కానీ అన్నీ ఉంచడం వల్ల గొడవలు పెరుగుతాయి. ఒకసారి మీ షేర్డ్ డ్రైవ్ తెరిచి ఏదైనా పాత ఒప్పందం ఫోల్డరు చూడండి. అగ్రిమెంట్ ఫైనల్, అగ్రిమెంట్ ఫైనల్ 2, అగ్రిమెంట్ కరెక్ట్ ఫైనల్ అని నాలుగైదు ప్రతులు ఉంటాయి. వాటిలో సంతకాలు జరిగింది ఏ ప్రతి మీదో ఆ ఒప్పందం రాసినవారు ఉన్నంతవరకే తెలుస్తుంది. చిత్తుప్రతులను సమయానికి తీసేసి ఉంటే మిగిలిన ఒక్కటే అసలుదని కొత్తగా వచ్చినవారికి కూడా అర్థమవుతుంది.

ఇంతకంటే బరువైన కారణాలు రెండున్నాయి. మీ వ్యవస్థలోకి బయటివారు చొరబడితే, పదేళ్ల కిందటి ఉద్యోగార్థుల ఆధార్ నకళ్లు సైతం వారి చేతికి చిక్కుతాయి. ఉంచుకోనిది ఎవరూ దొంగిలించలేరు. అలాగే వ్యాజ్యం వచ్చినప్పుడు మీ దగ్గర ఉన్న ప్రతిదాన్నీ వెతకాలి, చదవాలి, వకీలుకు చూపించాలి. ఆ శ్రమకూ ఖర్చుకూ హార్డ్ డిస్కు ధరతో పోలికే లేదు.

ఏ పత్రాన్ని ఎన్నేళ్లు ఉంచాలని చట్టం చెబుతోంది?

ఒకే చట్టంలో అన్నిటికీ జవాబు దొరకదు. ఒక్కో చట్టం తన పరిధిలోని పత్రాలకు గడువు పెట్టింది కాబట్టి, ఒకే ఇన్‌వాయిసుకు రెండు మూడు గడువులు వర్తించడం మామూలే. అప్పుడు వాటిలో ఎక్కువ కాలాన్ని తీసుకోవాలి.

కంపెనీల చట్టం, 2013లోని 128వ సెక్షన్ ప్రకారం లెక్కల పుస్తకాలను, వాటిలోని పద్దులకు ఆధారమైన వోచర్లతో సహా, కనీసం ఎనిమిది ఆర్థిక సంవత్సరాల పాటు ఉంచాలి. కంపెనీ మీద విచారణకు ఆదేశించి ఉంటే కేంద్ర ప్రభుత్వం ఇంకా ఎక్కువ కాలం ఉంచమనవచ్చు. ఎలక్ట్రానిక్ రూపంలో లెక్కలు రాసే కంపెనీలు వాటి బ్యాకప్‌ను భారతదేశంలో ఉన్న సర్వర్లలో రోజూ తీయాలని 2022లో నియమాన్ని సవరించారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పునూ నమోదు చేసే ఎడిట్ లాగ్ తప్పనిసరి అయింది. లెక్కలతో పాటు ఆ లాగ్‌నూ భద్రపరచాలి. టాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చేటప్పుడు కొందరు బ్యాలెన్సులు మాత్రం తీసుకుని పాత డేటా ఫోల్డరును వదిలేస్తున్నారు. దానితో పాటే లాగ్ కూడా పోతుందని గమనించాలి.

బోర్డు సమావేశాల, వాటాదారుల సమావేశాల మినిట్స్, సభ్యుల రిజిస్టరు శాశ్వతంగా ఉండాలి. దాఖలు చేసిన వార్షిక రిటర్నుల నకళ్లు ఎనిమిదేళ్లు ఉండాలి. స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైన కంపెనీలైతే, శాశ్వతంగా ఉంచేవి, కనీసం ఎనిమిదేళ్లు ఉంచేవి అని పత్రాలను రెండు తరగతులుగా విడదీసి, బోర్డు ఆమోదించిన విధానం పెట్టుకోవాలని సెబీ లిస్టింగ్ నిబంధనలు కోరుతున్నాయి.

జీఎస్‌టీ చట్టంలోని 36వ సెక్షన్, ఆ ఏడాది వార్షిక రిటర్నుకు ఆఖరు తేదీ నుంచి 72 నెలల గడువు పెట్టింది. అప్పీలు గాని విచారణ గాని నడుస్తుంటే, అది చివరిగా తేలిన తర్వాత ఒక ఏడాది, లేదా ఆ 72 నెలలు, ఈ రెండింటిలో ఏది తర్వాత వస్తే అంతవరకు ఆ విషయానికి సంబంధించిన రికార్డులను ఉంచాలి. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు, చిట్‌ఫండ్ కంపెనీలు మనీ లాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి కూడా వస్తాయి. అవి లావాదేవీల రికార్డులను లావాదేవీ జరిగిన నాటి నుంచి ఐదేళ్లు, ఖాతాదారు గుర్తింపు పత్రాలను ఆ సంబంధం ముగిసిన నాటి నుంచి ఐదేళ్లు ఉంచాలి. కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను 180 రోజుల పాటు ఉంచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది.

చట్టం గడువు చెప్పని పత్రాలు కూడా చాలా ఉంటాయి. వాటికి కాలపరిమితి చట్టాన్ని ఆధారం చేసుకోవడం మంచిది. ఒప్పందాల మీద దావాకు సాధారణంగా మూడేళ్లు గడువు కాబట్టి, ఒప్పందం ముగిశాక మూడేళ్లు, దానికి పైన ఒక ఏడాది ఉంచడం నా సలహా. స్థిరాస్తి స్వాధీనం దావాలకు పన్నెండేళ్ల గడువు ఉంది గనుక భూమి, భవనాల కాగితాలను ఎప్పటికీ ఉంచుకోవడమే క్షేమం.

గడువును ఏ తేదీ నుంచి లెక్కపెట్టాలి?

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. ఎనిమిదేళ్లు అనగానే ఇన్‌వాయిసు తేదీకి ఎనిమిది కలిపేస్తారు. 2023 మే నెలలో వచ్చిన ఒక కొనుగోలు ఇన్‌వాయిసును తీసుకుందాం. అది 2023-24 ఆర్థిక సంవత్సరానికి చెందుతుంది. ఆ ఏడాది జీఎస్‌టీ వార్షిక రిటర్నుకు ఆఖరు తేదీ 2024 డిసెంబరు 31. అక్కడి నుంచి 72 నెలలంటే 2030 డిసెంబరు 31. కంపెనీల చట్టం ప్రకారం, నడుస్తున్న ఆర్థిక సంవత్సరానికి ముందున్న ఎనిమిదేళ్ల పుస్తకాలు ఎప్పుడూ దగ్గర ఉండాలి కాబట్టి, 2023-24 పుస్తకాలు 2032 మార్చి 31 వరకు ఉండాలి. అంటే ఆ ఇన్‌వాయిసును తీసేయగలిగే మొదటి రోజు 2032 ఏప్రిల్ 1. తేదీకి ఎనిమిది కలిపి ఉంటే పది నెలల ముందే చెరిపేసేవాళ్లం.

ఒప్పందాలకు, ఉద్యోగుల ఫైళ్లకు లెక్క మొదలయ్యేది అవి ముగిసిన రోజున. అందుకే ముగింపు తేదీని ఎక్కడో ఒకచోట నమోదు చేసేవారు ఉండాలి. ఆ తేదీ లేకపోతే సాఫ్ట్‌వేర్ ఎంత మంచిదైనా గడువును లెక్కించలేదు.

ఈమెయిళ్లన్నిటికీ ఒకే గడువు పెట్టవచ్చా?

పెట్టవచ్చు, కానీ దాని వల్ల రెండు రకాల నష్టం జరుగుతుంది. ఈమెయిలు ఒక పత్రం వచ్చిన దారి మాత్రమే. పోస్టులో వచ్చిన కవర్లన్నిటినీ, లోపల శుభలేఖ ఉన్నా కోర్టు నోటీసు ఉన్నా, ఒకే కట్టగా కట్టి ఒకే రోజున కాల్చేయం కదా. ధర మీద ఒప్పుకోలు తెలిపే మెయిలు ఒప్పందంలో భాగం. క్యాంటీను సమయం మారిందని చెప్పే మెయిలుకు వారం తర్వాత విలువ లేదు.

అయితే ప్రతి ఉద్యోగీ ప్రతి మెయిలునూ చదివి సరైన ఫోల్డరులో వేస్తారని ఆశించడం కూడా నిజాయితీ కాదు. రోజుకు వంద మెయిళ్లు వచ్చేవారికి అది సాధ్యమయ్యే పని కాదు. అమెరికా జాతీయ పురాలేఖ సంస్థ 2013లో క్యాప్‌స్టోన్ అనే పద్ధతి తెచ్చింది. మెయిలును బట్టి కాకుండా, అది ఉన్న ఖాతాదారు హోదాను బట్టి గడువు పెట్టడం అందులో కీలకం. మన సంస్థలకు కూడా దీన్ని కొంత మార్చి వాడుకోవచ్చు. డైరెక్టర్లు, ఫైనాన్స్ హెడ్, కంపెనీ సెక్రటరీ, కొనుగోళ్ల హెడ్ ఖాతాలకు మొత్తంగా తొమ్మిదేళ్లు పెట్టి, మిగిలినవారి ఖాతాలకు రెండేళ్లు పెట్టవచ్చు. ఆ రెండేళ్లలోపు ఒప్పందాలకు, ఆర్డర్లకు, ఫిర్యాదులకు చెందిన మెయిళ్లను ఆ పని తాలూకు ఉమ్మడి ఫోల్డరులోకి చేర్చమని చెప్పాలి. మెయిలును పీడీఎఫ్‌గా ప్రింటు తీయడం కంటే, పంపినవారు, అందుకున్నవారు, సమయం, అటాచ్‌మెంట్లు చెదరకుండా అసలు మెయిలు ఫైలుగానే సేవ్ చేయడం మేలు. సమాచార సాంకేతిక చట్టంలోని 7వ సెక్షన్ కోరేది కూడా అదే: రికార్డు తర్వాత చూసుకోవడానికి వీలుగా ఉండాలి, మొదటి రూపంలో గాని దాన్ని ఖచ్చితంగా చూపగల రూపంలో గాని ఉండాలి, ఎక్కడి నుంచి ఎక్కడికి ఎప్పుడు వెళ్లిందో తెలియాలి.

ఉద్యోగి మానేసినప్పుడు వారి మెయిల్‌బాక్స్‌ను ఏం చేయాలి?

నేను పనిచేసిన ఒక సంస్థకు పాత ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (కొనుగోళ్ల మీద కట్టిన పన్నుకు తీసుకునే మినహాయింపు) గురించి నోటీసు వచ్చింది. సరుకు నిజంగా గోడౌనుకు చేరిందని రుజువు చూపమన్నారు. ఇన్‌వాయిసు ఉంది, బ్యాంకు చెల్లింపు ఉంది. లారీ రసీదు, వేబ్రిడ్జి తూకం చీటీ మాత్రం లేవు. రవాణాదారు వాటిని స్కాన్ చేసి స్టోర్స్ ఇన్‌చార్జికి మెయిల్ చేసేవారు. ఆయన మానేసి రెండేళ్లయింది. నెలనెలా లైసెన్సు డబ్బు ఎందుకని ఆయన ఖాతాను మేమే తొలగించాం. చివరికి గోడౌనులో కాగితం ఫైలు దొరికింది. పిన్ను గుచ్చిన చోట తుప్పు మరక, దాని కింద తూకం చీటీ. అది కాలం గడిచేకొద్దీ అక్షరాలు చెరిగిపోయే థర్మల్ కాగితం. కిటికీ దగ్గర వెలుతురులో వాల్చి చూసినా ఒక్క అంకె కనిపించలేదు. రవాణాదారు తన పాత పుస్తకాలు వెతికి నకలు ఇచ్చేసరికి మూడు వారాలు పట్టింది. ఆయన మంచితనం మీద ఆధారపడిన ఆ మూడు వారాలే నన్ను ఈ పనిలోకి దింపాయి.

ఖాతా తొలగించాక తిరిగి తెచ్చుకునే వ్యవధి చాలా తక్కువ. గూగుల్ వర్క్‌స్పేస్‌లో 20 రోజులు, మైక్రోసాఫ్ట్ 365లో 30 రోజులు. గూగుల్ డేటాను భద్రపరిచే సాధనమైన వాల్ట్‌లో గడువు నియమం పెట్టి ఉన్నా, ఖాతానే తొలగిస్తే దాని డేటా కూడా పోతుంది. ఆర్కైవ్డ్ యూజర్‌గా మార్చి ఉంచాలి. మైక్రోసాఫ్ట్‌లోనైతే ఖాతా తొలగించడానికి ముందే హోల్డ్ (తొలగింపును ఆపే అమరిక) గాని రిటెన్షన్ పాలసీ (నిల్వ గడువు నియమం) గాని వర్తింపజేసి ఉంటే అది ఇన్‌యాక్టివ్ మెయిల్‌బాక్స్‌గా నిలుస్తుంది. రిలీవింగ్ లెటరు ఇచ్చే ముందు హెచ్‌ఆర్ నింపే నో డ్యూస్ ఫారంలో ల్యాప్‌టాప్, ఐడీ కార్డుతో పాటు మెయిల్‌బాక్స్ అప్పగింతకు కూడా ఒక గడి పెట్టి, విభాగాధిపతి సంతకం తీసుకోవాలి.

వాట్సాప్‌లో జరిగే సంభాషణల మాటేమిటి?

ఆర్డర్లు, ధరలు, అనుమతులు వాట్సాప్‌లో ఒప్పుకుంటే అవి కూడా సంస్థ రికార్డులే. అవి ఉద్యోగి సొంత ఫోనులో ఉంటాయి, మాయమయ్యే సందేశాల సదుపాయం పెట్టుకుంటే 24 గంటల్లోనో, 7 రోజుల్లోనో, 90 రోజుల్లోనో పోతాయి. అక్కడ ఒప్పుకున్నదాన్ని అదే రోజు సంస్థ మెయిలు నుంచి రెండు వాక్యాలలో ధ్రువీకరించాలన్న నియమం పెట్టండి.

కేసు పడినా, నోటీసు వచ్చినా గడువు తీరిన పత్రాలను తొలగించవచ్చా?

తొలగించకూడదు. నోటీసు అందిన క్షణం నుంచి, లేదా వివాదం వస్తుందని స్పష్టంగా తెలిసిన నాటి నుంచి, ఆ విషయానికి సంబంధించిన అన్ని పత్రాల తొలగింపును ఆపేయాలి. దీన్నే లీగల్ హోల్డ్ అంటారు. తనంతట తాను చెరిపే సాఫ్ట్‌వేర్ నియమాలను కూడా ఆ ఖాతాల వరకు నిలిపివేయాలి. సాక్ష్యంగా చూపవలసిన పత్రాన్ని గాని ఎలక్ట్రానిక్ రికార్డును గాని అది బయటికి రాకుండా నాశనం చేయడం భారతీయ న్యాయ సంహితలోని 241వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలుశిక్ష పడగల నేరం.

అమెరికా ఇంధన కంపెనీ ఎన్రాన్‌కు ఆడిటరైన ఆర్థర్ ఆండర్సన్ సంస్థ ఉదంతం ఇక్కడ చెప్పుకోవాలి. 2001లో ఎన్రాన్ మీద విచారణ ముంచుకొస్తున్న వేళ, పత్రాల విధానాన్ని పాటించమని ఆ సంస్థ సిబ్బందికి గుర్తుచేశారు. టన్నుల కొద్దీ కాగితాలు, ఎన్నో ఈమెయిళ్లు పోయాయి. 2002లో సంస్థను దోషిగా తేల్చారు. 2005లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది గాని, అప్పటికే ఆ సంస్థ కుప్పకూలింది. విధానం కాగితం మీద ఉంటే చాలదు. ఏ ఒత్తిడీ లేని రోజుల్లో నిత్యం అమలవుతూ ఉంటేనే, ఒక పత్రం ఎందుకు లేదని అడిగినవారికి నమ్మదగిన జవాబు చెప్పగలం.

వ్యక్తిగత డేటా చట్టం దీన్ని ఎలా మారుస్తుంది?

ఇంతవరకు చట్టాలు కనీసం ఇంతకాలం ఉంచమనేవి. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 ఇంతకు మించి ఉంచవద్దంటుంది. వ్యక్తి సమ్మతి వెనక్కి తీసుకున్నా, సేకరించిన పని తీరిపోయినా, వేరే చట్టం ఉంచమని చెప్పనంతవరకు ఆ వివరాలను చెరిపేయాలి. దీని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సంస్థల ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత అమల్లోకి వస్తాయి. భద్రతా చర్యల్లో విఫలమైతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఉద్యోగం ఇవ్వని అభ్యర్థుల బయోడేటాలు, రిసెప్షన్‌లో తీసుకున్న ఆధార్ ఫొటోలు, ఎప్పుడో నింపించిన బీమా ఫారాలు మీ హెచ్‌ఆర్ ఫోల్డరులో ఎన్ని ఉన్నాయో ఈ వారమే చూడండి.

ఈ డిజిటల్ ప్రతులు కోర్టులో చెల్లుతాయా? కాగితం మూలాలను పారేయవచ్చా?

చెల్లుతాయి, కానీ 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఫైలు హాష్ విలువ (ఫైలులోని సమాచారాన్ని బట్టి లెక్కించే, ఒక్క అక్షరం మారినా మారిపోయే గుర్తింపు సంఖ్య) రాయాలి. కాబట్టి ముఖ్యమైన ఫైళ్లను భద్రపరిచే రోజునే హాష్ విలువను లెక్కించి నమోదు చేసుకుంటే తర్వాత మార్పు జరగలేదని చూపడం తేలిక. డిజిటల్ సంతకం ఉన్న పీడీఎఫ్‌ను ప్రింటు తీసి మళ్లీ స్కాన్ చేస్తే ఆ సంతకాన్ని సరిచూసే వీలు పోతుంది. స్టాంపు కాగితాల మీది ఒప్పందాలు, రిజిస్టరు దస్తావేజులు, బ్యాంకు గ్యారంటీలు వంటి వాటి కాగితం మూలాలను స్కాన్ చేశాక కూడా బీరువాలో ఉంచాలి.

మా పాత తెలుగు ఫైళ్లు అను ఫాంట్లలో ఉన్నాయి. వాటిని ఏం చేయాలి?

తెలుగు నాట ఈ ప్రశ్నకు ఉన్న ప్రాధాన్యం ఇతర చోట్ల అర్థం కాదు. సహకార సంఘాల తీర్మానాలు, ట్రస్టుల మినిట్స్, కరపత్రాలు, నోటీసులు దశాబ్దాల పాటు పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతో టైపు చేశారు. వాటి లోపల ఉన్నవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తించే ప్రామాణిక సంకేతాలు) తెలుగు అక్షరాలు కావు. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల స్థానాల్లో కూర్చోబెట్టిన తెలుగు ఆకారాలు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఫైలు తెరిస్తే అర్థంలేని గుర్తుల వరుసలు కనిపిస్తాయి. ఫాంటు ఉన్నా, తీర్మానం అని వెతికితే ఒక్కటీ దొరకదు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో.

అందుకే శాశ్వతంగా ఉంచాల్సిన పత్రాలకు మూడు ప్రతులు చేయడం మంచిది. ఫాంటు లోపలే పొదిగిన పీడీఎఫ్/ఎ ప్రతి పేజీ రూపాన్ని కాపాడుతుంది. దీర్ఘకాల నిల్వ కోసమే 2005లో దాన్ని అంతర్జాతీయ ప్రమాణంగా ప్రకటించారు. యూనికోడ్‌లోకి మార్చిన పాఠం వెతకడానికి పనికొస్తుంది. అసలు ఫైలును కూడా అలాగే ఉంచాలి. మార్పిడి సాఫ్ట్‌వేర్లు వత్తుల దగ్గర, అంకెల దగ్గర తడబడతాయి కాబట్టి, తెలుగు బాగా చదవగలిగినవారు పక్కపక్కన పెట్టి చూడాలి. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర పురాలేఖల సంస్థలో షాజహాన్, ఔరంగజేబుల కాలపు కాగితాలు ఈనాటికీ పరిశోధకుల చేతికి అందుతున్నాయి. ఇరవై ఏళ్ల కిందటి మన ట్రస్టు తీర్మానం తెరుచుకోకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

గడువు తీరిన వాటిని ఎలా తొలగించాలి?

రీసైకిల్ బిన్‌లో వేయడం తొలగింపు కాదు, డిస్కును మామూలుగా ఫార్మాట్ చేయడమూ కాదు. డిస్కును మొదటి నుంచీ ఎన్‌క్రిప్ట్ చేసి (రహస్య సంకేతంలోకి మార్చి) ఉంచితే, చివర్లో దాన్ని తెరిచే తాళంచెవిని నాశనం చేయడం తేలికైన మార్గం. పాత ల్యాప్‌టాప్‌లు అమ్మే ముందు డిస్కును తీసి నాశనం చేయించి, ధ్రువపత్రం తీసుకోవాలి. ఒకే ఫైలు పెన్‌డ్రైవ్‌లో, అవుట్‌లుక్ మెయిళ్లను దాచే పాత పీఎస్‌టీ ఫైలులో, ఎవరిదో సొంత గూగుల్ డ్రైవ్‌లో కూడా ఉండవచ్చు. అవి మిగిలితే తొలగింపు పూర్తయినట్టు కాదు. ఏ తరగతి పత్రాలు, ఏ కాలానివి, ఎవరి ఆమోదంతో, ఏ పద్ధతిలో, ఏ రోజున తొలగించారో ఒక రిజిస్టరులో రాయాలి.

ఇదంతా ఐటీ విభాగం బాధ్యతేనా?

కాదు. గడువు నిర్ణయం ఆ పత్రం విలువ తెలిసిన విభాగాధిపతిది, ఆమోదం యాజమాన్యానిది, అమలు ఐటీది.

గడువు పట్టికను ఎప్పుడెప్పుడు సవరించాలి?

ప్రతి ఏప్రిల్‌లో, ఆర్థిక సంవత్సరం మొదట్లో ఒకసారి చూడండి. ఆ ఏడాది మారిన చట్టాలను, కొత్తగా వాడుకలోకి వచ్చిన సాఫ్ట్‌వేర్లను చేర్చండి. పాత పట్టికను మాత్రం చెరపవద్దు. 2029లో ఒక ఫోల్డరును ఏ నియమం ప్రకారం తీసేశారని 2033లో ఎవరైనా అడిగితే, ఆ రోజు అమల్లో ఉన్న పట్టికను, దాని మీది సంతకాలను చూపించాల్సి వస్తుంది. కాబట్టి పట్టిక ప్రతి సవరణ ప్రతినీ, తొలగింపు రిజిస్టరునూ శాశ్వతంగా ఉంచాల్సిన పత్రాలలో చేర్చుకోవాలి.